పచ్చరంగు పడిన వీధి

నగర ప్రణాళికా కార్యాలయంలో పటాలు గీసే ఆయన, ఆయన భార్య మధ్యాహ్న భోజనానికి కూర్చున్నారు.

"మళ్ళీ తడి చెంచా ఉప్పు డబ్బాలో పెట్టారు."

"ఉప్పేగా, వజ్రాలు కావుగా!"

"గడ్డకట్టాక మీరే పొడి చేసుకోండి. మా అక్క ఫోన్ చేసింది. నది పొడవునా నడకదారి, పార్కులు వేస్తారటగా. వాళ్ళ వీధి ఉంటుందా అని అడిగింది."

"ఉంటుందని చెప్పు."

"నా మొహం చూసి చెప్పండి."

"...సర్వేవాళ్ళు ఆ వీధిని 'ఖాళీ స్థలం' అని రాశారు. నేను పార్కని పచ్చరంగు వేసేశాను."

"ఖాళీయా! పెళ్ళయిన కొత్తలో మనం కాపురం పెట్టింది అక్కడే కదండీ!"

"పటంలో వీధి పేరు లేదు. రంగు వేశాక గాని గుర్తుపట్టలేదు."

"దిద్దమని అడగలేదా?"

"పై అధికారుల్ని అడిగాను. సంతకాలు అయిపోయాయట. ఇళ్ళు తీసేస్తే ఎలాగూ ఖాళీయే అవుతుందిగా అని నవ్వారు."

"మళ్ళీ అడిగితే?"

"మూడుసార్లు అడిగాను. ఇంక రావద్దన్నారు."

ఆమె కంచం పక్కకు జరిపింది.

"అయితే అక్కను ఇక్కడికే తెచ్చేసుకుందాం. ఆవిడకు తిండి పెట్టే కుట్టుమిషన్లు నాలుగూ ఈ ఇంట్లో పట్టవు. అమ్మేయమని మాత్రం నేను చెప్పను. మీ వదినకు మీరే చెప్పండి."