ఆగని పల్లవి

ఆబిడ్స్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. ఇంటర్ లెక్కల్లో తప్పిన అమ్మాయి మాస్టారి ఎదుట నిలబడింది.

"లెక్కలు రాకుంటే ప్రోగ్రామింగ్ కష్టమమ్మా. టైపింగ్‌ల చేరు."

"టైపింగ్ వచ్చు సార్. నాకు ప్రోగ్రామింగే కావాలె."

"ఇప్పుడు ఏం చేస్తున్నవ్?"

"చర్చిల పాటలు నడిపిస్త."

"పాట తెల్వనోళ్లతోని ఎట్ల పాడిస్తవ్?"

"ప్రతి చరణం అయినంక పల్లవికి రమ్మంట. చరణాలు అయిపోతే ఆపమంట."

"ఆపమని చెప్పకుంటే?"

"పాడుతనే ఉంటరు సార్. పోయిన క్రిస్మస్‌కు గట్లనే అయింది. పాస్టరయ్య ప్రార్థనకు లేచినా పల్లవి ఆగలే."

మాస్టారు పకపకా నవ్వాడు.

"నా స్టూడెంట్లు గూడ ప్రోగ్రాంల ఆపమని రాసుడే మర్చిపోతరు. కంప్యూటర్ గూడ గట్లనే పాడుతనే ఉంటది. సోమవారం రా."

"మరి లెక్కలు?"

"అవసరం పడ్డనాడు నేర్చుకుందువు."

"నేర్చుకుంట సార్. ఇయ్యాల క్లాసు లేదా?"