ఇద్దరు హేడ్రియన్లు

ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద పాత వెండి నాణేల పెట్టె, చిన్న త్రాసు, భూతద్దం. ఒకవైపు రిటైరైన లెక్కల మాస్టారు, ఎదురుగా పళ్ళ సెట్లు తయారుచేసే ఆయన బావమరిది. లోపలి గదిలో మాస్టారి భార్య.

“మాటలొద్దు, ముందు భూతద్దం పట్టుకో. చూడు.”

“చూశాను బావా. ఎవరో రాజుగారు.”

“రాజు కాదు, చక్రవర్తి. హేడ్రియన్. రోమ్ వెండి, పంతొమ్మిది వందల ఏళ్ళ నాటిది. ఇప్పుడు ఈ రెండోది చూడు.”

“అదీ ఆయనే.”

“గడ్డం చూడు.”

“గడ్డం బాగుంది.”

“వేషాలు వెయ్యకు! రెండింట్లోనూ గడ్డం కొస ఒకే చోట తెగింది.”

“ఒకే మనిషి కదా బావా, ఒకేలా ఉండడూ?”

“ఉండడు! అప్పట్లో ఒక్కో నాణెం సుత్తితో కొట్టేవాళ్ళు. ఏ రెండూ అచ్చం ఒకేలా రావు. నా రెండో హేడ్రియన్‌కి గడ్డం నిండుగా ఉండేది. అందుకే రెండూ దాచుకున్నా. నువ్వేమో ఒకే బొమ్మ కదా అని ఒకే అచ్చులో రెండూ పోశావు.”

“నేనా? నేను పళ్ళు పోసుకునేవాణ్ణి బావా.”

“మైనంతో అచ్చు తీసి లోహం పొయ్యడం ఈ ఇంట్లో ఇంకెవరికొచ్చు? అంచు చూడు, సూదిమొనంత బుడగలు. తూకంలో తేడా లేదు, వెండి కూడా పాత వెండిలాగే ఉంది. అందుకే ఇన్నాళ్ళు నా కళ్ళు కప్పావు.”

“రెండూ ఒకటే అనుకున్నా. నిజంగా.”

“అంటే ఒప్పుకున్నట్టేగా!”

“నేనేం... బావా, కాసిని మంచినీళ్ళు—”

“ఎన్ని మార్చావు?”

“మంచినీళ్ళు—”

“ఎన్ని!”

“అన్నీ. ముప్పై నాలుగూ.”

“అన్నీనా? పెర్టినాక్స్ కూడానా?”

“ఆయనెవరు?”

“మూడు నెలలు ఏలి చచ్చినవాడు! ఆయన నాణెం దొరకడమే గగనం. దానికోసం నేనెంత... ఒరేయ్, మీ అక్కతో పాటు ఈ ఇంటికొచ్చినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. కన్నకొడుకులా చూశాన్రా. ఆ పళ్ళ పని నేర్పించిందీ నేనే. ఆ పనితోనే నా గొంతు కోశావు.”

“ఆ పెర్టినాక్స్‌ని దేంతో కొన్నావు బావా?”

“అదిప్పుడెందుకు?”

“ఊరికే.”

“ఎలాగో కొన్నాను. మాట మార్చకు. బుధవారం మ్యూజియం వాళ్ళొస్తున్నారు. నా పేరు రాసి ఒక అద్దాల అర ఇస్తామన్నారు. వాళ్ళకేం చూపించను, నా తలకాయా? అసలీ పెట్టె తాళం నా జేబులోనే ఉంటుంది. స్నానానికెళ్ళినప్పుడు తప్ప... ఆగు. నీకెవరిచ్చారు?”

“వదిలెయ్ బావా.”

“ఎవరు?”

“నేనేనండి. వాణ్ణేమీ అనకండి.”

“నువ్వా? ముప్పై ఐదేళ్ళు కాపురం చేసి, నువ్వా?”

“వాడు వద్దంటే వద్దన్నాడు. నేనే బతిమాలాను. నెలకొకటి చొప్పున.”

“నన్నింత మోసం చెయ్యడానికి నీకు మనసెలా వచ్చింది?”

“ఇదిగో, ఈ గాజు తూచండి.”

“గాజెందుకు?”

“త్రాసు మీ ముందే ఉందిగా. మా అమ్మ ఇచ్చిన బంగారు గాజులు మెరుగు పెట్టిస్తానని తీసుకెళ్ళారే, తిరిగి తెచ్చిన జతలోదిది. పెర్టినాక్స్ మనింటికొచ్చిన వారమే తెచ్చారు.”

“అది...”

“తూచరేం? నకిలీ పట్టడంలో మీ అంతవాళ్ళు లేరుగా.”

“నీకెప్పుడు తెలిసింది?”

“మూడున్నరేళ్ళయింది. మణికట్టు మీద ఆకుపచ్చ మరక పడింది. ఎంత రుద్దినా పోలేదు. మీరు చెప్తారేమోనని ఆర్నెల్లు ఎదురుచూశాను.”

“తప్పే. తప్పే అనుకో. నా నాణేలు ఎక్కడున్నాయో చెప్పు. ఎవరికమ్మావు? కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకుంటాను.”

“మీలా నేను ఇంట్లో సొత్తు గడప దాటించలేదండి. అన్నీ మీ పెట్టెలోనే ఉన్నాయి. అచ్చు తీశాక ఒక్కోదాన్నీ కరిగించి, ఆ వెండితోనే మళ్ళీ పోయించాను.”