పిడుగన్నకు మూడో ర్యాంకు

అశోక్ నగర్‌లో ఒక హాస్టల్. మధ్యాహ్నం. శ్రావణ్ గదికి అనూహ్య వచ్చింది.

“మంచిగ నవ్వుతున్నవ్ అన్నా.”

“నేనెక్కడ నవ్వుతున్న?”

“చౌరస్తల. ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద, పండ్లన్నీ కనవడేటట్టు. కింద ‘శ్రావణ్, మూడో ర్యాంకు, డిప్యూటీ తాసీల్దార్’ అని ఉన్నది. కోచింగ్ సారు నీ భుజం మీద చెయ్యేసిండు.”

“నేను ఆ కోచింగ్‌కు పోనేలే. చెయ్యి వాళ్లే అతికించుకున్నరు.”

“చెయ్యి అతికించిండ్రు, సరే. నవ్వు నీదే గదా?”

“మెల్లగ మాట్లాడు అనూహ్య. పక్క రూముల పిలగాండ్లున్నరు.”

“రాజ్యమేలే పెద్దాయన ఎలక్షన్లకు నిరవధిక సెలవు ఇచ్చిన కాడికెళ్లి మెల్లగనే మాట్లాడుతున్న. ఛాయ్ బండి కాడ మెల్లగ, బుక్ స్టాల్ కాడ మెల్లగ. నువ్వు కరపత్రం రాసుడు, నేను జిరాక్స్ తీసుడు, కరెంట్ అఫైర్స్ గైడ్లల్ల పెట్టి పంచుడు. పిడుగన్న ఎవరో పురుగుకు గూడ తెల్వొద్దు. పోలీసోళ్లు సిటీ మొత్తం లెంకుతున్నరు. పిడుగన్న ఏమో ఫ్లెక్సీ ఎక్కి కూసున్నడు.”

“ఫ్లెక్సీ మీద ఉన్నది శ్రావణ్. పిడుగన్న కాదు. నేనే పిడుగన్న అని నీకు తప్ప ఎవ్వరికి తెల్వదు.”

“అంతేనంటవా?”

“అంతే మరి.”

“ఆ చెయ్యి ఎనుకకు ఎందుకు పెట్టినవ్? ఏం దాస్తున్నవ్?”

“ఏం లే.”

“గమ్ము సీసానా? ఫోటోలు అంటిస్తున్నవా?”

“గురువారం సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉన్నది. ఊకె రెడీ పెట్టుకుంటున్న. పోతనని కాదు.”

“పోనోనికి ఇన్ని ఫోటోలెందుకన్నా?”

“ఫోటోలు తీసుకున్నంత మాత్రాన పోయినట్టా?”

“సీద అడుగుతున్న, సీద చెప్పు. ‘ఓటు లేని రాజ్యంల పరీక్ష ఏంది? ఖాళీ పేపర్ ఇచ్చి రండి’ అని కరపత్రం రాసిందెవరు?”

“నేనే.”

“ఎందుకు రాసినవ్?”

“జనం రోడ్డు మీద కూసున్నప్పుడల్ల పెద్దాయన ఒక ఉద్యోగాల నోటిఫికేషన్ ఇడుస్తడు. తెల్లారేసరికి అందరు రీడింగ్ హాల్ల ఉంటరు. అందుకనే రాసిన. దాని కింద నువ్వు పిడుగు బొమ్మ గూడ ఏస్తివి. మిరపకాయ లెక్క ఉండె అది.”

“మాట మార్చకు. నేను ఖాళీ పేపరే ఇచ్చిన. ఒక్క చుక్క దిద్దలే. ఇన్విజిలేటరమ్మ పాపం, పెన్ను లేదేమో అని ఆమె పెన్ను ఇచ్చింది. ఆమె ముంగట దిద్దినట్టు యాక్టింగ్ చేసిన. నువ్వేమో మాకు గట్ల చెప్పి, నీది నువ్వు నింపుకున్నవ్.”

“అట్ల కాదు.”

“మరెట్ల?”

“అంటే... కొన్ని దిద్దిన. చెయ్యి ఆగలే.”

“కొన్ని దిద్దితె రాష్ట్రంల మూడో ర్యాంకా?”

“నాకు తెలిసినయే వచ్చినయ్.”

“ఏమొచ్చినయ్? ఒక్క ప్రశ్న చెప్పు.”

“రాజ్యాంగం మీద... ఒకటి వచ్చింది.”

“రాజ్యాంగాన్ని సిలబస్‌లకెళ్లి తీసేసిండ్రు గదా అన్నా.”

“తీసేసిండ్రా?”

“దాని జాగల పెద్దాయన చిన్నతనం పెట్టిండ్రు. యాభై మార్కులకు. పేపర్ తెరిచినోడెవడైన గది మర్చిపోతడా? నువ్వు తెరవనేలే.”

“తెరవలే. సరేనా? పేరు, హాల్ టికెట్ నంబర్ దిద్దిన, బల్ల మీద తలకాయ పెట్టి పండుకున్న. గుర్రు గూడ కొట్టిన.”

“మరి దిద్దిన అని అబద్ధమెందుకు ఆడినవ్?”

“దిద్దిన అంటే దొంగనైత, అంతే గదా. దిద్దలే అంటే ఏమైతనో నాకే తెలుస్తలేదు.”

“నాతోని కరపత్రాలు పంచే అఖిల్ ఆగకుంట ఏడుస్తున్నడు.”

“వాడెందుకు ఏడుస్తున్నడు?”

“వాడు రాసిండు. ఆరేండ్ల సంది చదువుతున్నడు, పేపర్ చూసి ఆగలేకపోయిండట. అన్నీ దిద్దిండు. కీ చూసుకుంటే అన్నీ రైటే. వానికి రాలే. నీ మాట తప్పినోడు ఫెయిలు, మాట మీద నిలబడ్డోడు తాసీల్దారు. ఇదేం లెక్కనో నాకైతె సమజైతలేదు.”

“మెషిన్ల గడబిడ అయ్యుంటది.”

“మెషిన్ నిన్ను ఏరి పట్టుకున్నదా?”

“అయితయ్ గదా అసుంటియి! మా అమ్మకు గూడ చెప్పేసిన. ఫోన్ల ఊకెనే ఏడ్చింది. ఇరవై తొమ్మిదేండ్లు వచ్చినయ్ అనూహ్య. నా పేరు మీద ఒక సిమ్ కార్డు లేదు. పిడుగన్న అంటే జనం పానం ఇస్తరు. శ్రావణ్‌ను దావత్‌కు పిలిచెటోడు గూడ లేడు.”

“అయితె పోతవ్.”

“లోపలికి పోయి గూడ పని చెయ్యొచ్చు.”

“ఎండ్ల లోపలికి?”

“వ్యవస్థ లోపలికి. మండల ఆఫీసుల కూసుంటే...”

“కుల సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి రాజ్యం కూలగొడ్తవా?”

“నక్రాలు చెయ్యకు.”

“నేనా? నక్రాలు నేనా చేస్తున్న?”

“శ్రావణ్ తమ్మీ! తలుపు తియ్యి, నేను రామచంద్రం.”

“ఓనర్. సప్పుడు చెయ్యకు. రాండ్రి సార్, తలుపు తీసే ఉన్నది.”

“ఓ, బిడ్డ గూడ ఉన్నదా? కూసో, కూసో. ఆడపిల్లలు పైకి రావద్దని బోర్డు పెట్టినగని, తాసీల్దార్ రూముకు ఆ రూల్ లేదు. తమ్మీ, ఈ తలుపు మీద పలక కొట్టిస్తున్న, ‘మూడో ర్యాంకు వచ్చిన గది’ అని. ఇగ కిరాయి డబుల్. నీకు కాదులే, నీ తర్వాత వచ్చెటోనికి.”

“మంచిది సార్.”

“ఇగో, ఈ స్వీట్ డబ్బ నీకే. ఇద్దరు సార్లు ఇచ్చి పోయిండ్రు.”

“ఏ సార్లు?”

“మామూలు బట్టల మీదనే ఉన్నరుగని, కటింగ్ చూస్తే సమజైతది గదా, పోలీసోళ్లే. పరేషాన్ కాకు, ఉద్యోగం వచ్చింది గదా, వెరిఫికేషనట. పిలగాడు ఎసుంటోడని అడిగిండ్రు. బంగారం సార్, సప్పుడు చెయ్యడు, ఎప్పుడొస్తడో ఎప్పుడు పోతడో మాకే తెల్వదు అన్న. మస్తు ఖుషీ అయిండ్రు.”

“ఇంకేమన్నరు?”

“ఇంకేం లే. ‘పిడుగన్నకు మా అందరి తరఫున శుభాకాంక్షలు చెప్పుండ్రి, గురువారం తప్పకుంట రమ్మనుండ్రి’ అన్నరు. నీకు ముద్దుపేరు గూడ ఉన్నదని మాకు చెప్పనేలేదేంది తమ్మీ! ... ఏమైంది? గట్ల చెమటలు పడుతున్నయేంది? ఫ్యాన్ ఎయ్యనా?”

“వద్దు సార్.”

“ఏస్త, ఏస్త. ఇగ నీకు కరెంటు లెక్క ఏంది! తినుండ్రి బిడ్డ, నేను పోయొస్త.”

“... పోయిండా?”

“పోయిండు.”

“నడువు. ఎనుక మెట్లు దిగి, కవాడిగూడ గల్లీలల్లకెళ్లి పోదాం.”

“యాడికి?”

“యాడికో! వాళ్లకు తెలుసు అనూహ్య! నేనెవరో తెలుసు! తెలిసి గూడ జీపు తెచ్చి ఎత్తుకపోక స్వీట్లు పంపుడేంది?”

“ఎత్తుకపోతె నువ్వు హీరోవైతవ్. ఊరూర నీ బొమ్మ పెడ్తరు. తాసీల్దారును చేస్తె నీ బొమ్మ కోచింగ్ సెంటరోళ్లే పెట్టుకుంటరు.”

“నా పేరు ఎవరు చెప్పిండ్రు? ఎవరు? నీకు తప్ప...”

“నా దిక్కు చూడకు. నువ్వే చెప్పినవ్.”

“నేనా?”

“ఖాళీ పేపర్ ఇయ్యమని పిలుపిచ్చినం. ఇచ్చినోళ్లంత ఎవరి మనుషులో వాళ్లకు తెలిసిపోదా? పేరు మనమే దిద్దినం, నంబర్ మనమే దిద్దినం, బొటనవేలు ముద్ర గూడ ఏసి వచ్చినం. మూడేండ్లు లెంకి వాళ్లు పట్టుకోలేనోళ్లను, ఒక్క పొద్దుల మనమే అప్పజెప్పినం.”

“ఖాళీ ఇచ్చినోళ్లు చానమంది ఉన్నరు. అండ్ల నేనే పిడుగన్న అని ఎట్ల తెలుస్తది?”

“పేరు దిద్దిన షీటు కిందనే ‘ఇది నా సొంత దస్తూరి’ అని రెండు లైన్లు రాయించిండ్రు, యాదికున్నదా? కరపత్రాలన్నీ నీ చేతిరాతనే గదా అన్నా.”

“... ఛీ.”

“ఛీ అంటే ఏమొస్తది ఇప్పుడు?”

“ఆ డబ్బ అవతల పారెయ్యి. అండ్ల ఏం కలిపిండ్రో ఏమో.”

“ఏం కలపలే. బాదుషలు. మంచిగనే ఉన్నయ్.”

“డబ్బ ఇప్పనేలే గదా. బాదుషలని నీకెట్ల తెలుసు?”

“తిని చూడు, నీకే తెలుస్తది.”

“అనూహ్య?”

“మా హాస్టల్‌కు పొద్దుగాలనే వచ్చినయ్. ఇద్దరే. గదే కటింగు. ‘పిడుగు బొమ్మ మస్తు ఏస్తవమ్మా’ అన్నరు. నువ్వేమో మిరపకాయ అంటివి. వాళ్లు మాత్రం గుర్తుపట్టిండ్రు.”

“నువ్వు ఖాళీ పేపర్ ఇచ్చిన అంటివి గదా.”

“ఖాళీనే ఇచ్చిన. పదకొండో ర్యాంకు.”

“మనోళ్లు ఇంకెవరికైన...”

“అందరికి. ఖాళీ ఇచ్చినోళ్లందరికి.”

“మరి ఇగ ఉద్యమం ఎవరు నడుపుతరు?”

“అఖిల్ ఉన్నడు గదా. వానికి రాలే.”

“నవ్వకు. నవ్వకు అనూహ్య. నీకు వచ్చింది, నాకు వచ్చింది. మరి గిప్పటి దాక నన్నెందుకు తిట్టినవ్?”

“వెరిఫికేషన్ కాయిదాలు నువ్వు చింపి పారేస్తవనుకున్న అన్నా. పిడుగన్న గదా, చింపకుంట ఉంటడా అనుకున్న. నువ్వు చింపితె నీ ముంగట నేను గూడ చింపుదామని నా కాయిదాలన్నీ సంచిల పెట్టుకోని వచ్చిన. మెట్లెక్కుకుంట గదే అనుకుంట వచ్చిన. నువ్వు తలుపు తీసినవ్. నీ ఏళ్లకు గమ్ము ఉండె.”

“... ఏమనాలె ఇగ?”

“ఏం అనకు. జర జరుగు. ఆ సీసా ఇటియ్యి, నా ఫోటోలు గూడ అంటించేటియి ఉన్నయ్.”