రెండు హాస్టళ్లు, ఒక వంటిల్లు

1964, గురజాల. పక్కపక్కనే ఉన్న మిషన్ హాస్టలూ, వర్తక సంఘం హాస్టలూ కలిపి కాలేజీ హాస్టలు చేశారు. ఉదయంపూట ఆ భోజనాల హాల్లో ఇద్దరు వార్డెన్లు: మిషన్ వైపు నుంచి వచ్చిన యేసుపాదం, సంఘం వైపు నుంచి వచ్చిన వెంకటాద్రి.

“ఈ బల్ల ఇంకాస్త ఇటు జరగాల మాస్టారూ. గోడకి ఆనుకుంటే ఆ చివర కూర్చున్నోడు లేవలేడు.”

“జరుపుదాంలే వెంకటాద్రిగారూ. అది నాపరాయి, మనిద్దరి వల్ల కాదు. నౌకరు పున్నయ్యని పిలుస్తా. ముందు మీరు కూర్చోండి.”

“కూర్చుంటా. యూనివర్సిటీ కమిషన్ ఎన్నింటికొస్తది?”

“మధ్యాహ్నం. పిల్లల భోజనాల వేళకే వస్తామన్నారుగా. అందరూ ఒక్కచోట తింటన్నారో లేదో కళ్లారా చూస్తారంట.”

“చూడనీండి. చూస్తేనే కదా మన కాలేజీకి డిగ్రీ క్లాసులిచ్చేది.”

“కులానికో వంటిల్లుంటే ఇవ్వం అన్నారు. ఒకటి చేశాం. ఇంకేం అడుగుతారు?”

“ఎట్టా చేశారని అడుగుతారు. అదే అడుగుతారు. మీరేం చెప్తారు?”

“అనుకున్నదేగా. మావైపు తల్లిదండ్రుల్ని ఒప్పించిన సంగతి నేను, మీవైపు సంగతి మీరు.”

“మావైపు సంగతి కూడా మీరే చెప్పండి.”

“అదేంది?”

“చెప్పండి. మీకు తెలియనిదేముంది. ఏడాది పొడుగూతా ఇద్దరం కలిసేగా తిరిగాం.”

“తిరిగాం. దాచేపల్లిలో ఆ నూనె వ్యాపారి నన్ను వాకిట్లో నిలబెట్టి మిమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. మీరు వెళ్లలా. ఎండలో నాతోపాటే నిలబడ్డారు. అది నా నోటితో చెప్పనా?”

“అది చెప్పొద్దు.”

“మరేం చెప్పను?”

“గోడ సంగతి చెప్పండి. రెండు వంటిళ్ల మధ్య గోడ. ఇద్దరం ఒకే గడ్డపార పట్టుకొని మొదటి దెబ్బ వేశామని. పిల్లలు చప్పట్లు కొట్టారని.”

“అందరూ కొట్టలా.”

“సగం మంది కొట్టారు.”

“సగం లేరు.”

“సరే, సగం లేరు. తర్వాత కలిసి తిన్నారుగా. అది చాలు.”

“అయ్యగారూ, పప్పులో గోంగూర వెయ్యనా, దోసకాయ వెయ్యనా? పెద్దోళ్లొస్తన్నారంటగా.”

“గోంగూర వెయ్యి హన్నమ్మా.”

“వెంకటాద్రయ్యగారికి ఉప్మా తెస్తానుండండి. రాత్రి కూడా తినటానికి రాలా ఆయన.”

“వద్దమ్మా.”

“కొంచెమే—”

“నాకొద్దు హన్నమ్మా.”

“అయితే ఇంట్లో తిన్నారా?”

“లేదు. నువ్వెళ్లు. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది.”

“ఏందండీ ఇది వెంకటాద్రిగారూ? మొదటిరోజు హన్నమ్మ వండిన అన్నం మీ పిల్లలెవరూ ముట్టకపోతే, వాళ్ల మధ్య కూర్చొని మీరేగా మొదటి ముద్ద తిన్నది. ఇవాళ వద్దంటే ఆమె ఏమనుకుంటది?”

“ఆమె వంటని కాదు మాస్టారూ. ఇవాళ నేను తినకూడదు.”

“ఏకాదశా?”

“కాదు.”

“మరి? ఉత్తకాళ్లతో వచ్చారేంది? చెప్పులేవి?”

“ఆ కిటికీ కొంచెం తియ్యండి. పొగ చానా ఉంది.”

“పొగ లేదు. నా వంక చూడండి. ఇంట్లో ఏం జరిగింది?”

“మా నాయన పోయాడు.”

“ఎప్పుడు?”

“నిన్న, దీపాలు పెట్టే వేళ. కాసిని మంచినీళ్లడిగాడు. మా ఆవిడ శివపార్వతి తెచ్చేలోపల పోయాడు.”

“అయ్యో దేవా. మరి ఇక్కడేం చేస్తన్నారండీ? లేవండి. శవాన్ని ఇంట్లో పెట్టుకొని బల్లలేంది, కమిషనేంది?”

“వెళ్తా. కాసేపు కూర్చోనివ్వండి.”

“ఏడ్చారా?”

“రావటం లేదు. పొద్దుటి నుంచి ఈ బల్లే గుర్తొస్తంది. ఆ చివరోడు ఎట్టా లేస్తాడా అని.”

“అన్నగారున్నారా దగ్గర?”

“ఉన్నాడు. తలకొరివి వాడేగా పెట్టేది.”

“చుట్టాలొచ్చారా?”

“రాత్రి ఎవరూ రాలా.”

“ఎవరూ అంటే?”

“ఎవరూ. మా వీధి మొత్తం మా వాళ్లే. తలుపులేసుకున్నారు. మా మేనమామ గడప దాకా వచ్చాడు. లోపలికి రాలా. ‘నీ తమ్ముడు మాలపల్లె మనిషి వండింది తిన్నాడు, ఆ ఇంటి శవాన్ని మేం ముట్టం’ అని మా అన్నతో చెప్పి వెళ్లిపోయాడు.”

“ఇన్ని నెలలూ మీతో ఏమీ అనలేదుగా వాళ్లు?”

“అనలా. నవ్వుతూ పలకరించారు. ఇట్టాంటి రోజొకటి వస్తదిగా అని ఊరుకున్నారు.”

“రాత్రంతా మీరేనా అయితే?”

“అన్న, వదిన, నేను, మా ఆవిడ. కూర్చున్నాం. మా వదిన ఒక్కతే ఏడ్చింది. అదీ మెల్లగా.”

“లేవండి. పదండి ముందు. నేనొస్తా. పున్నయ్యొస్తాడు. ఇంగ్లీషు చెప్పే బాలశౌరిగారు ఊళ్లోనే ఉన్నాడు, ఒక్క మాట చెప్తే వస్తాడు. మీరొక కొమ్ము పట్టుకుంటే నలుగురం. పాడెకి ఇంకేం కావాల?”

“అక్కర్లేదు.”

“కమిషన్ సంగతి ప్రిన్సిపాల్ గారు చూసుకుంటాడు. లేవండి.”

“అక్కర్లేదు మాస్టారూ. మనుషులొచ్చారు. ఇప్పుడు ఇంటినిండా మనుషులే. మేనమామే దగ్గరుండి పాడె కట్టిస్తన్నాడు.”

“ముట్టం అన్నారంటిరే?”

“పొద్దున సంతకం పెట్టా.”

“దేనికి?”

“వార్డెన్ పని మానుకుంటన్నానని. ఈ వంటింట్లో ఇంక తిననని, తిన్నదానికి ప్రాయశ్చిత్తం చేసుకుంటానని. మేనమామ పైకి చదివాడు, నేను పెట్టా. వాకిట్లో నిలబడే పెట్టా. అందరూ ఒక్కసారే లోపలికొచ్చారు.”

“పిల్లలో? మీవైపు పిల్లలు?”

“సాయంత్రం వాళ్ల నాయనలొచ్చి తీసుకెళ్తారు. ఇప్పుడే తీసుకెళ్తామన్నారు గానీ, కమిషన్ చూసి పోయిందాకా ఉండనివ్వమని అడిగా. ఒప్పుకున్నారు. డిగ్రీ క్లాసులు వాళ్లకీ కావాలిగా.”

“అంటే మధ్యాహ్నం ఇదంతా ఉత్తి చూపించటానికేనా?”

“ఇప్పుడు అంతే.”

“ఈ మాట హన్నమ్మకి ఎవరు చెప్తారు?”

“మీరే చెప్పాల. పప్పు దింపింతర్వాత చెప్పండి.”

“చెప్తా.”

“ఇవిగో తాళాలు. కొట్టుగదిది, భోజనాల హాలుది. ఇచ్చి రమ్మన్నారు. నేను తిరిగెళ్తేగాని పాడె లేపరు.”

“చేతికివ్వండి.”

“మైలలో ఉన్నా. బల్ల మీద పెడతన్నా.”

“మీ మీద కోపం రావాల నాకు. రావటం లేదు. ఏమీ రావటం లేదు.”

“తర్వాత వస్తదిలెండి.”

“ఒక్క సంగతి చెప్పి వెళ్లండి. మా ఇల్లు మీకు రెండు వీధులవతల. రాత్రి ఒక్క కబురు చేస్తే పరిగెత్తుకుంటా వచ్చేవాణ్ని. బాలశౌరిగారిని లేపుకొచ్చేవాణ్ని. తెల్లారేసరికి అంతా అయిపోయేది. ఆ సంతకం పెట్టే పనే లేదు మీకు. మీ అన్నగారు వద్దన్నాడా?”

“లేదు. అన్న పిలవమన్నాడు. ‘పోయి యేసుపాదంగారిని పిలుచుకురారా, మనకి ఇంకెవరున్నారు’ అన్నాడు.”

“మరి?”

“మీ ఇంటి మలుపు దాకా వచ్చా. మీ కిటికీలో లాంతరు కనపడింది. ఏదో చదువుకుంటన్నారు.”

“కమిషన్‌కి చెప్పాల్సింది రాసుకుంటన్నా. తలుపు కొట్టలేకపోయారా? పిలిస్తే రాననుకున్నారా?”

“వస్తారని తెలుసు మాస్టారూ. వచ్చి మా నాయన్ని ముట్టుకుంటారని తెలుసు. అందుకే పిలవలా.”