అరటిపండు బుల్లబ్బాయి

బుల్లబ్బాయంటే బుల్లిగా ఉంటాడనుకునేరు. ఆరడుగుల రెండంగుళాలు మనిషి. వాళ్లమ్మ కన్నప్పుడు గుప్పెడంత ఉన్నాడని ఆ పేరు పెట్టేసిందంట, తర్వాత ఇలా పెరుగుతాడని ఆవిడకేం తెలుసు పాపం. మా చిలకలంకలో ఏ గుమ్మంలోకెళ్లినా ముందు తల వంచి, తర్వాత చెప్పులిప్పుతాడు. పనేమో కొబ్బరికాయల ఒలుపు. నేలలో గునపం పాతి, కాయని దాని మొన మీద గుచ్చి ఇటోసారి, అటోసారి, మళ్లీ ఇటోసారి తిప్పాడంటే పీచు పీచే, కాయ కాయే. ఆ చేతులు చూడాలి మీరు, అరచెయ్యి మీద అగ్గిపుల్ల గీస్తే వెలుగుద్ది. అలాంటి మనిషి ముప్పై మూడేళ్లొచ్చాక ఒక ఆదివారం పొద్దున్న పిల్లలాడుకునే ఆట దగ్గర మొహం చిన్నబుచ్చుకుని కూచున్నాడంట. ఎందుకు కూచున్నాడో అదే చెప్తున్నా, కంగారెందుకు.

ఏమైందంటే, వీళ్ల చిన్నప్పుడు గనిరాజు వాళ్లింట్లో ఒక టీవీ గేము పెట్టె ఉండేది. గనిరాజంటే ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడే, ఆ గనిరాజే. పెట్టెలో క్యాసెట్టు పెట్టాలి, అది పని చెయ్యకపోతే తీసి నోటితో ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టాలి. క్యాసెట్లు నాలుగున్నా వీళ్లకి ఫుట్‌బాలంటేనే పిచ్చి. తెర మీద బొమ్మలకి తలకాయలు గుమ్మడికాయలంత, కాళ్లు అగ్గిపుల్లలంత. రాతలేమో చీమలు పాకినట్టుండేవి, ఏ దేశపు భాషో ఎవడికీ తెలీదు. ఆ గుంపులో అందరికన్నా చిన్నోడు మన బుల్లబ్బాయి. నన్నూ ఆడించండ్రా అని ఏడిచేవాడంట. అప్పుడు వాణ్ణి అరటిపండు చేశారు. అదేంటి, పట్నం అమ్మాయి అలా చూస్తుంది? అరటిపండంటే తెలీదా తల్లీ? ఆటకి సరిపోనంత చిన్నపిల్లాడు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి వాణ్ణీ ఆటలో కలుపుతారు. వాడూ పరిగెడతాడు, వాడూ అరుస్తాడు, అంతా నిజమే అనుకుంటాడు. కానీ వాణ్ణి ముట్టుకున్నా ఔటవ్వడు. వాడొచ్చి ముట్టుకున్నా ఎవడూ ఔటవ్వడు. వాడు ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు. అదీ అరటిపండంటే.

సరే, బుల్లబ్బాయి చేతికి ఒక రిమోటు ఇచ్చారంట. ఇచ్చింది దొరబాబు, ఇప్పుడు ఆటో తోలుతున్నాడే వాడు. ఒరే నువ్వు గోలీవిరా, బంతి మన వైపుకి వచ్చినప్పుడల్లా ఈ ఎర్ర మీట నొక్కు, నువ్వు నొక్కకపోతే మన కొంప మునిగిపోద్ది అన్నాడంట. వీడు నొక్కేవాడు. అక్కడ గోలీ ఎగిరి బంతి పట్టేవాడు. శభాష్రా బుల్లీ అనేవారు. గోలీ వదిలేస్తే, ఏరా నిద్దరోతున్నావా అనేవారు, వీడు ఏడిచేవాడు. ఇలా నాలుగేళ్లు. పెద్దయ్యాక కూడా ఇదే చెప్పుకు తిరిగేవాడనుకో. ఆఖరికి పెళ్లిచూపుల్లో మావగారు, ఆటలేమన్నా ఆడేవాడివా బాబూ అని మాట వరసకి అడిగితే, గోలీనండి, చిన్నప్పట్నుంచీ గోలీనే అన్నాడంట. ఆయన కంగారుపడి లోపలికెళ్లి, ఇంత మనిషి ఇంకా గోళీలాడతాడంటే, పిల్లనిద్దామా మానేద్దామా అని పెళ్లాన్ని అడిగాడంట. ఇది నేను కల్పించింది కాదు, బుల్లబ్బాయి పెళ్లాం మంగే చెప్పింది, చెప్పి మళ్లీ పడీ పడీ నవ్వింది.

ఇదిలా ఉండగా మొన్న ఆషాఢంలో గనిరాజు ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక దులిపితే ఆ పెట్టె బయటపడింది. తుడిచి, ఊది, పెడితే ఆడింది! ఇంకేముంది, పాత నేస్తాలందరికీ కబురెళ్లింది. ఆదివారం పొద్దున్నే గనిరాజు కొబ్బరి షెడ్డులో ఫుట్‌బాల్ పోటీ, గెలిచినోడికి పదికేజీల పనసకాయ. పెద్దమనిషిగా పేరయ్య మేష్టారు. ఈయన డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనా విజిల్ మెళ్లోంచి తియ్యలేదు, స్నానానిక్కూడా తియ్యడంటారు, నేను చూడలేదు. ఈయన దగ్గర ఒక నోటుపుస్తకం. అందులో రాసింది జరగాలి, జరిగింది అందులో రాయాలి, అంతే.

బుల్లబ్బాయి ఆ రోజు ఒలుపు మానేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికన్నా ముందొచ్చాడంట. పెట్టె పక్కనే ఒక బుట్టలో మూడు రిమోట్లున్నాయి. తనది గుర్తుపట్టేశాడు, ఎర్ర మీట అరిగిపోయి నున్నగా ఉంది మరి, అరగదీసింది తనే కదా. మురిపెంగా దాన్ని తీసుకుని, ఒరే గనీ, ఇదెందులో పెట్టాలిరా అన్నాడంట. పెట్టె ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, కాయ తిప్పినట్టు తిప్పాడు. కన్నాలు రెండే ఉన్నాయి. వైరు చివరేముందని చూశాడు. ఏమీ లేదు. ముడి ఉంది. మరి ఇదెక్కడ పెట్టేవాళ్లంరా అన్నాడు. దొరబాబు ఇంక నవ్వాపుకోలేక, మంచం కోడుకి కట్టేవాళ్లంరా బాబూ, నువ్వు లాగినా ఊడకుండా అన్నాడంట. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. వీడు నవ్వలేదు. మెల్లిగా, మరి గోలీ ఎవడ్రా అన్నాడు. గోలీ దానంతటదే ఆడేదిరా, పెట్టే ఆడించేది అన్నాడు గనిరాజు. బుల్లబ్బాయి ఆ రిమోటు బుట్టలో పెట్టేసి గోడవారగా కూలబడ్డాడంట. కోపమొచ్చిందా అంటే కోపం కాదు. నాలుగేళ్లు కాపలా కాసినోడికి, నువ్వు కాసిన ఇంట్లో ఎవరూ లేర్రా అని చెప్పినట్టయింది. లేచి వెళ్లిపోదామా అనుకున్నాడు. మళ్లీ, కాదు, ఇవాళ నిజం వైరున్న రిమోటు పట్టుకుని, నిజంగా లెక్కలో ఉండి ఒక్క ఆటైనా ఆడి వెళ్తాను అనుకున్నాడంట. అదీ వాడి కోరిక. పనసకాయ మీద కాదు, మంగ ఎలాగూ పనసకాయ కొయ్యనంది.

కానీ దొరబాబు ఊరుకుంటాడా? చీటీలు రాసింది వాడే. వచ్చినవాళ్లు పదిమంది. తొమ్మిది చీటీల మీద తొమ్మిది పేర్లు రాసి, పదో దాని మీద అ.ప. అని రాశాడు. మేష్టారు కళ్లజోడు పైకి తోసి, అ.ప. ఎవడ్రా అన్నారు. అరటిపండండీ మేష్టారూ, మన బుల్లిగాడండి, తొమ్మండుగురిలో ఎవడో ఒకడికి జత దొరకదు కదండి, వాడికి వీడు జతండి, తర్వాత ఐదుగురు మిగిలితే మళ్లీ ఒకడికి దొరకదండి, మళ్లీ వీడేనండి అన్నాడు దొరబాబు. మరి ఓడిపోతే? ఔటవ్వడండి, అరటిపండు ఔటవ్వకూడదండి. గెలిస్తే? ఈ మాటకి మళ్లీ రేకులెగిరిపోయాయి. గెలిస్తే లెక్కలోకి రాదండి మేష్టారూ, ఆయ్, అసలు గెలుస్తాడేంటండి! అన్నాడు. మేష్టారు నవ్వకుండా పుస్తకంలో రాసుకున్నారంట: అ.ప. ఓడినా ఔట్ కాడు, గెలిచినా లెక్కకు రాడు. విజిల్ ఊదారు. బుల్లబ్బాయి ఏం చేశాడంటారా? చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

మొదటి ఆట ఏడు సున్నా. ఏడు ఎవరివో అడక్కండి, మర్యాదగా ఉండదు. పాపం వాడికి పరిగెత్తించడమే తెలీదు, ఎర్ర మీట తప్ప ఇంకో మీట ముట్టుకోలేదు జన్మలో. పైగా సగం ఆటయ్యాక జట్లు అటూ ఇటూ మారతాయని తెలీక, తన గోల్లోకే తను రెండేసుకున్నాడంట. రెండో ఆట మూడు సున్నా. కానీ ఏమైందంటే, ఓడినవాళ్లు ఓడినట్టే లేచి టీ తాగడానికి పోతున్నారు, వీడు మాత్రం పోవడానికి లేదు, అరటిపండు కదా! ఆడనప్పుడు గోడవారగా కూచుని ఎవడెటు పరిగెడుతున్నాడో చూస్తున్నాడు. బయట సన్నగా వాన. షెడ్డులో పీచు వాసన. ఇలా చూస్తుంటే వాడికొకటి కనపడింది. దొరబాబు ఎప్పుడూ తెర పైఅంచు వెంటే బంతి తోలతాడు, ఆటో తోలినట్టు, రోడ్డు దిగడు. చూశాడు, ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

చివరికి ముగ్గురు మిగిలారు. గనిరాజు ఒకణ్ణి ఓడించి ఫైనలుకి వెళ్లాడు. జత లేనివాడు దొరబాబు. రారా అరటిపండూ, తొక్క తీసేస్తాను అన్నాడంట. బుల్లబ్బాయి వచ్చి కూచున్నాడు. ఆట మొదలవగానే ఒక గుమ్మడికాయ తలవాణ్ణి తీసుకెళ్లి పైఅంచు మీద నిలబెట్టేశాడు. దొరబాబు ఆటో వచ్చింది, గుద్దుకుంది. మళ్లీ వచ్చింది, మళ్లీ గుద్దుకుంది. దొరబాబుకి తిక్క లేచి అందర్నీ ముందుకు తోలేశాడు. వెనకాల ఎవడూ లేడు. బుల్లబ్బాయి అంత దూరం నుంచి ఒక్కటి తన్నాడు. అది దొర్లుకుంటూ, దొర్లుకుంటూ వెళ్లి లోపల పడింది. ఒకటి సున్నా! అక్కణ్ణుంచి బంతిని ఎవడికీ ఇవ్వకుండా ఇటోసారి, అటోసారి, మళ్లీ ఇటోసారి తిప్పుతూనే ఉన్నాడంట, టైమైపోయేదాకా. జనం గోల్ గోల్ అని గోల. పక్కింటి ముసలమ్మ వచ్చి, గోలాపండ్రా అంటే, గోల్ మామ్మా అని, గోలే కదరా అందుకే ఆపమంటున్నా అని, అదొక గొడవ.

గొడవ సద్దుమణిగాక మేష్టారు పుస్తకం తెరిచి చదివారు. అ.ప. గెలిచినా లెక్కకు రాడు. కాబట్టి ఫైనలు గనిరాజుకీ దొరబాబుకీ. చప్పున షెడ్డంతా చల్లబడింది. దొరబాబు మాత్రం హమ్మయ్య అనుకుని చెమట తుడుచుకున్నాడు. బుల్లబ్బాయి లేచి చేతులు కట్టుకుని, మేష్టారూ, నన్ను లెక్కలో వెయ్యండి అన్నాడంట. తొండి, తొండి! అని అరిచాడు దొరబాబు. లెక్కలో వేస్తే ముందోడిన రెండాటలేం చెయ్యాలంట? మేష్టారు బుర్ర గోక్కుని, ఆ రెండూ అరటిపండు ఓడినవిరా, అది పుస్తకంలో ఉంది, ఇప్పుడు ఆడినవాడు అరటిపండు కాదని నువ్వొప్పుకుంటేనే మారుస్తాను, రాసింది నీ మాటే కదా అన్నారు. అందరూ దొరబాబు వైపు చూశారు. వాడు బుల్లబ్బాయిని పక్కకి లాగి, ఒరే పిచ్చోడా, ఆలోచించుకో, అరటిపండుగా ఉంటే నిన్నెవడూ ఔట్ చెయ్యలేడు, లెక్కలోకెళ్లావంటే గనిగాడు నిన్ను అయిదు నిమిషాల్లో ఇంటికి పంపుతాడు అన్నాడంట. ఇంటికే కదా, పోతాను అన్నాడు బుల్లబ్బాయి. నిన్నొకటే అడుగుతాను దొరా. ఇందాక నిన్ను ఓడించానా, లేదా? తెర మీద ఇంకా ఒకటి సున్నా అలాగే ఉంది. దొరబాబు తెర వైపు చూశాడు, వాన వైపు చూశాడు, బుట్టలో ఉన్న ఆ ముడేసిన వైరు వైపు చూశాడు. ఓడించావులేరా అన్నాడు. గట్టిగా అనరా, మేష్టారికి చెముడు అన్నాడు బుల్లబ్బాయి. ఓడించావురా బాబూ, ఓడించావు, బుల్లబ్బాయి నన్ను ఓడించాడు, రాసుకోండి మేష్టారూ! వాడంతే, తిక్కోడు గానీ చెడ్డోడు కాదు. మేష్టారు అ.ప. కొట్టేసి, ఇంటిపేరుతో చెప్పు అన్నారు. మట్టపర్తి బుల్లబ్బాయండి అన్నాడంట, బళ్లో హాజరు పలికినట్టు.

ఫైనలు ఎలా జరిగిందో గొప్పగా చెప్పాలనే ఉంది గానీ, ఉన్నది చెప్తా. గనిరాజు వారం రోజుల్నుంచీ తలుపేసుకుని సాధన చేస్తున్నాడు, పెట్టె వాడిదే కదా. అయినా రెండు రెండు దాకా లాక్కొచ్చాడు మనవాడు. ఇంక అరనిమిషం ఉందనగా గనిరాజు మూల నుంచి ఒకటి తిప్పి తన్నాడు, పడిపోయింది. మూడు రెండు. పేరయ్య మేష్టారు లేచి నిలబడి, విజిల్ నోట్లో పెట్టుకుని, బుగ్గలు పగిలేలా ఊది, మట్టపర్తి బుల్లబ్బాయి, ఔట్! అన్నారు.

బుల్లబ్బాయి ఒక్క గెంతు గెంతాడంట. ఆరడుగుల రెండంగుళాలవాడు ఆ షెడ్డులో గెంతితే ఏమవుతుంది, నెత్తి దూలానికి కొట్టుకుంది. బొప్పి కట్టింది. మేష్టారూ, ఇంకోసారనండి అన్నాడంట. ఔట్ రా, పో అన్నారాయన. మరి పరుగో పరుగు, వానలోనే. దారిలో రేవు దగ్గర పడవోడికి, మిల్లు దగ్గర కూలీలకి, అందరికీ ఔటయ్యానహో, మూడు రెండు అని చెప్పుకుంటూ ఇంటికెళ్లి, మంగా, ఔటయ్యానే అన్నాడు. ఓడిపోయి వచ్చి అరుస్తావేంటయ్యా, ముందు తల తుడుచుకో అందంట మంగ. ఓడిపోయానే, అచ్చంగా ఓడిపోయాను, పుస్తకంలో ఇంటిపేరుతో రాశారు అన్నాడంట. ఆ పిల్ల వాడి మొహంలోకి చూసి, అయితే కూచో, బెల్లం టీ పెడతాను అందంట.

వీడి వెనకాల జనమంతా పోలోమని వాళ్లింటికే పోయారు, బొప్పి చూడ్డానికి, కథ మళ్లీ వినడానికి. దొరబాబైతే, నన్ను ఎలా ఓడించాడో నేను చెప్తాను ఆగండి అని వాడే చెప్పడం మొదలెట్టాడంట. గనిరాజు షెడ్డులో ఒక్కడే మిగిలాడు. ఎదురుగా పదికేజీల పనసకాయ. దాన్ని ఒక్కడే కోసి, చేతులకి జిగురంటుకుని, నూనె రాసుకుని, మళ్లీ కోసి, సాయంత్రం దాకా తొనలు తీశాడంట పాపం. గెలవడమంటే అంత కష్టం మరి.