మూడోసారీ తడిసిన కట్టెలే

బాబుపేట్‌లో గంగవ్వ ఇంటి పెరడు. డిసెంబర్, ఆదివారం పొద్దున. స్నానాల నీళ్లు కాచే రాగి బంబు పక్కన కట్టెల కుప్ప. గంగవ్వ, ఆమెకు కట్టెలు తెచ్చే ఎల్లేష్.

"ముట్టుకో. ఊకె చూసుడు కాదు, ముట్టుకో పిలగా."

"ముట్టుకున్ననవ్వా."

"ఎట్లున్నయి?"

"తడిగున్నయి."

"తడిగనా? పిండితె గ్లాసెడు నీళ్లొస్తయి! ఎల్లేష్, ఇది మూడోసారి. పొద్దున బంబు ముట్టిస్తె పొగే పొగ. పక్కింటి మాధురి ఇల్లంటుకున్నదనుకొని బిందె వట్టుకొని ఉరికొచ్చింది."

"బుధారం నేను ఏసినప్పుడు ఎండినయే ఏసిననవ్వా. నీ తోడు."

"నా తోడెందుకు? నీ తోడు పెట్టుకో."

"నా తోడు. తుమ్మ మొద్దులు, రెండు ఎండకాలాలు ఎండినయి. మా మామ డిపోల నేనే ఏరిన, నేనే ఎత్తిన."

"మరి తోవల వాన వడ్డదా?"

"ఈ చలికాలంల వానేందవ్వా?"

"అదే నేనడుగుతున్న. తూకం పెరగాల్నని మీ కట్టెలోళ్లు నీళ్లు కొడ్తరంట గద. ఊరందరికీ ఎరుకే."

"మామ కొడ్తడేమో... కాదు కాదు, మామ గూడ కొట్టడు. నేనైతె అసలే కొట్ట."

"నాకీ మాటలన్ని వద్దు. నడుము నొప్పికి వంగస్తలేదు, నిలవడస్తలేదు. మీ మామ ఆశన్నకు ఫోన్ చేస్త, ఆయననే అడుగుత."

"వద్దవ్వా, నీ కాళ్లు మొక్కుత! రెండుసార్లు చేసినవ్ గద. రెండు బండ్లు వాపసు తీస్కవోయి మార్చిచ్చిన గద. ఇంకొక్క ఫిర్యాదొస్తె ట్రాలీ ఆటో తాళంచెయ్యి తన కొడుకు దత్తుకిచ్చి, నన్ను లక్కడ్‌కోట్ తోలుతనన్నడు. ఆడ పత్తిచేన్ల పందులు రాకుంట మంచె మీద కూసోవాలె."

"మంచిదే. గాలొస్తది."

"అవ్వా!"

"లక్కడ్‌కోట్ అంటె గంత బుగులేంది నీకు? ఈడ ఏం విడిసిపెట్టి పోతున్నవ్?"

"ఏం లేదు. ఈడ... గిరాకులున్నరు."

"ఎంతమంది?"

"ఉన్నరు... కొంతమంది. అవ్వా, నేనొకటడుగుత. కట్టెలు బుధారం ఏయించుకుంటవ్. తడిసినయని ఆదివారమే పిలుస్తవ్. మూడుసార్లూ ఆదివారమే. ఎందుకు?"

"నాకు ఆదివారమే తీరిక."

"మిగిలిన దినాలల్ల నీకేం పని?"

"ఉంటయి. వెయ్యుంటయి. అడగనీకె నువ్వెవనివి?"

"పనికి వోయేది మీ మనుమరాలు గద. దుర్గాపూర్ దవాఖాన్ల ఆమెకు ఆదివారం సుట్టి, నీకు కాదు గద..."

"దాని సుట్టి నీకెట్లెరుక?"

"...ఆటో స్టాండుకాడ కనవడ్తది."

"కనవడ్తదా! కనవడనీ. సౌజన్యా! ఓ సౌజన్యా! గీనికింత చాయ తే. తడికట్టెలోడే గని, చాయ తాగనీ."

"తెస్తున్న అమ్మమ్మా! చక్కెర రెండు చెంచాలే గద?"

"ఆడెన్ని చెంచాలు తాగుతడో నాకెట్లెరుక? నీకెట్లెరుక?"

"...ఊకె అన్న!"

"ఇన్నవా ఎల్లేష్? ఊకె అన్నదంట."

"అవ్వా, గా గొడ్డలిటియ్యి. ఒక్క మొద్దు చీలుస్త. లోపలంత తడుంటె ఎవ్వరు తోలొద్దు, నేనే లక్కడ్‌కోట్ వోత."

"చీల్చు మరి."

"జరుగు, పెచ్చు ఎగురుతది... గిదో! చూడు. పైన తడి, లోపల పొడి. డిపోల నానవెడ్తె లోపటిదాక వోతది. ఇయ్యి నిన్న మాపటీలి వోసిన నీళ్లు. ఇంకోటి చూడు. పోయినసారి నువ్వు తిట్టినంక, ఈసారి ఒక్కొక్క మొద్దు కొసకు నీలం చాక్‌పీసుతోని గీత వెట్టిన. కిందియాటికి గీతలున్నయి. పైయాటికి కడుక్కపోయినయి. అంటె నీళ్లు ఈ పెరట్లనే, పైకెల్లి వోసిండ్రు!"

"ఎవ్వరు వోస్తరు? ఈ ఇంట్ల ఉండేది నేను, నా మనుమరాలు."

"అదే అంటున్న. మీ ఇద్దర్లనే ఎవరో..."

"చాయ తీస్కో ఎల్లేష్. ఏడిగుంది, పైలం."

"సౌజన్యా, నీ చున్నీకి గా నీలం రంగేంది బిడ్డా?"

"ఏదమ్మమ్మా? ఇదా? పెన్ను కారింది."

"పెన్ను ఇంత లావు కారుతదా?"

"దవాఖాన పెన్ను. పెద్దగుంటది."

"అవ్వా! నేనే."

"నువ్వే ఏంది ఎల్లేష్?"

"నీళ్లు నేనే వోసిన. డిపోల. తూకం కోసరం. బుద్ధి గడ్డితిన్నది. చేస్కో, మామకు ఫోన్ చేస్కో."

"ఇప్పుడే గదరా లోపల పొడి అన్నవ్? గీతలు కడుక్కపోయినయన్నవ్?"

"చాక్‌పీసు మంచిది కాదవ్వా. చైనా మాల్."

"గట్లనా! సౌజన్యా, ఆశన్నకు ఫోన్ కలుపు. కట్టెలల్ల నీళ్లు వోసుకొని అమ్ముతుండని ఈని నోటితోనే చెప్పిపిద్దాం."

"నేను కలప."

"ఎందుకు కలపవ్?"

"ఈన అబద్ధం చెప్తున్నడమ్మమ్మా. నేనే వోసిన. నిన్న మాపటీలి, ఒక్క బకెట్."

"నువ్వూకో సౌజన్యా. లక్కడ్‌కోట్ల గాలి మంచిగుంటదంట..."

"బస్ కర్ ఎల్లేష్! నువ్వు ఆడికి వోతె నేనేం జేయాలె? అమ్మమ్మా, రెండుసార్లు కట్టెలు తడిసినయి, రెండుసార్లు ఆదివారం ఈన మల్ల వచ్చిండు. ఈసారి మంచిగ ఎండినయి తెచ్చిండు. ఇగ నెలదాక రాడు గద అని... పాణం ఆగలే. వోసిన. ఒక్కసారే, దేవుని తోడు. ముందటి రెండుసార్లు నేను కాదు."

"నువ్వు కాదా?"

"నేను కాదు ఎల్లేష్. నువ్వు వోయలేదా?"

"నేనెందుకు వోస్త? మరి ఆ రెండుసార్లు ఎవరు వోసినట్టు? అవ్వా?"

"చాయ సల్లారుతుంది. తాగు."

"అమ్మమ్మా, నీ నడుము నొప్పి ఏ దినం సురువైంది?"

"ముసల్దాన్ని. దినానికోటి నొస్తది."

"రెండు నెలల కింద శనివారం అన్నవ్. పోయిన నెల మల్ల శనివారమే ఇంకా ఎక్కువైందన్నవ్. ఏం ఎత్తినవమ్మమ్మా?"

"ఏమెత్తుత? ఏమెత్తలే."

"అమ్మమ్మా!"

"బకెట్ ఎత్తిన! రెండుసార్లూ నేనే ఎత్తిన, నేనే వోసిన! మరేం జేయాలె? ఈడొచ్చి కట్టెలు దించినకాడ్నే నిలవడ్తడు, నువ్వొచ్చి కిటికీకాడ నిలవడ్తవ్. ఒక్కరన్న నోరు తెరుస్తరా? నెలకోసారి తూకమేసుకుంట కూసుంటె మీ లగ్గం ముచ్చట నేనుండంగ తెగేటట్టున్నదా? ఇగ నా నడుముతోని కాదు. ఎల్లేష్, నువ్వే కలుపు మీ మామకు ఫోను. కట్టెల ముచ్చట కాదని ముందుగాల్నే చెప్పు, లేకుంటె ఎత్తడు."