డ్రైవరు సీటు బెల్టు

మీ షోరూంలో బెల్టుకి మళ్ళీ వేరే డబ్బులేటి బాబూ? కొత్త జీపు కొనుక్కుంతే బెల్టు దాంతో రాదేటి? రేపు చక్రాలకి కూడా వేరే బిల్లు రాత్తావా?

నవ్వకు. జీకే వీధి ఘాట్ మీద పదిహేనేళ్ళు తోలినాను. సంత రోజున ఈ సోంబరుగాడి జీపంటే జనం ఎగబడతారు. ముందు నలుగురు, వెనకాల పన్నెండుమంది, పైన మిరియాల బస్తాలు, కోళ్ళు. నాకు సీటు మీద సగం వొళ్ళే. మిగతా సగం గాల్లోనే. ఇంక బెల్టు ఎక్కడ కట్టమంతావు?

మా ఏజెన్సీ కొండల్లో డ్రైవర్లు కొత్త బండి రాగానే తమవేపు తలుపు పీకించేత్తారు. ఎందుకో నీకు తెల్దు. నాకు బండి నేర్పిన వరహాలన్న మొదటి రోజే సెప్పాడు. బ్రేకు పోయిందా, బేగి దూకెయ్యాలిరా, అన్నాడు. బెల్టు కట్టుకుంతే దూకేదెలాగ?

మా ఇంటిది, పేరు కనక, అదే పట్టు పట్టింది బాబూ. అదిగో, బయట బెంచీ మీద కర్ర పట్టుకొని కూకుంది సూడు. నువ్వు బెల్టు కట్టుకుంతేనే ఆ జీపెక్కుతాను అంతాది. తనకొద్దంట! నాకే కావాలంట. ఇదేటి సోద్యం?

మొగుడి మీద పేమంతావా? ఊఁ.

పాత జీపు తొంభై ఒకటి వానల్లో లోయలో పడింది. దిగుడులో బ్రేకు పట్టనేదు. మా పక్కింటి సుక్రు, ఆడి పెళ్ళాం, ఆళ్ళ గుంటపిల్ల, ముగ్గురూ పోనారు. కనకకి కాలు నుజ్జయింది. నాకు మోచేయి గీసుకుంది, అంతే.

మా ఆయన జారి పడిపోనాడని పోలీసులకి సెప్పింది కనకే. ఊరంతా నమ్మింది. అమ్మోరు కాపాడిందని నాచేత కోడిని కూడా కోయించారు.

నాను జారిపడనేదు బాబూ. దూకేసినాను. పక్కనే కనక ఉంది, నా సొక్కా పట్టుకుంది. విదిలించుకొని దూకేసినాను.

స్టీరింగు కొండవేపు తిప్పుంతే బండి గుద్దుకొని ఆగిపోయేది. తిప్పడానికి సీట్లో ఎవడున్నాడని?

రెండేళ్ళయింది. ఒక్క మాట అననేదు. తిట్టినా బాగుండును కదా? తిట్టనేదు. ఇప్పుడీ బెల్టు అడుగుతంది.

సరే, రాసుకో. తలుపూ ఉంచెయ్యి. నాను బతకాలని అడుగుతందనుకున్నావా? మళ్ళీ దూకేత్తానని దాని బయం.

నాకూ అదే బయం బాబూ. గట్టిది ఏయించు.